పాత కంప్యూటర్‌కు ఇంకో డిస్కు కాదు, చోట్ల మార్పు కావాలి

శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో పదేళ్లు పైబడిన డెస్క్‌టాప్‌లు ఇంకా పొద్దంతా నడుస్తూనే ఉంటాయి. ఇది పిసినారితనం కాదు. పేజ్‌మేకర్‌లో పాత అను ఫాంట్లతో చేసిన ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు వస్తాయి. అందుకే మెషీన్ ఎంత నెమ్మదించినా వదలరు. అంతవరకు సబబే. ‘స్పేస్ అయిపోయింది, ఇంకో హార్డ్‌డిస్క్ పెట్టెయ్’ అంటారే, పొరపాటల్లా అక్కడే.

అలా పెడితే చోటు పెరుగుతుంది, వేగం పెరగదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో కోరిన డేటా చేతికందడానికి పది మిల్లీసెకన్ల పైనే పడుతుంది. విండోస్ లేచేటప్పుడు చదవాల్సిన చిన్నచిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి, అన్నింటికీ అదే వెతుకులాట. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కనుక ఆ ఆలస్యం మిల్లీసెకనులో పదో వంతు సరిగా ఉండదు. పాత బోర్డు సాటా పోర్టు సెకనుకు 3 గిగాబిట్లదే అయినా తేడా మొదటి రోజే తెలుస్తుంది. విండోస్‌కు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పాత డిస్కును ఫైళ్ల గోదాముగా వాడుకోవచ్చు.

ఐడీఈ రిబ్బన్ల కాలంలో జంపర్ ‘మాస్టర్’లో ఉందా, ‘స్లేవ్’లో ఉందా అని టార్చి వేసి మరీ చూసేవారు. సాటాతో ఆ తంటా పోయింది కానీ, వరస తప్పితే చిక్కే. పేజ్‌మేకర్, ఫాంట్ల సీడీలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. బయాస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టాలి. విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేయాలి. తోడుగా ఉంచితే బూట్ ఫైళ్లు దాని మీదికి వెళ్లే ప్రమాదముంది. రేపు అది చెడితే, బాగున్న ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు. తొందరలో ఉన్న సర్వీస్ కుర్రాళ్లు ఎక్కువగా దాటేసే మెట్టు ఇదే.

పాత ఎస్‌ఎంపీఎస్‌లో సాటా పవర్ ప్లగ్గులు చాలకపోతే మోలెక్స్ కన్వర్టర్ తగిలిస్తారు. వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసిన చవకరకం కన్వర్టర్లు లోపల షార్టయి కరిగిపోయిన సందర్భాలున్నాయి. పొదుపు చేయకూడని చోటు ఇది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది, టీపీఎం 2.0 లేని మెషీన్‌ను విండోస్ 11 ఒప్పుకోదు, ఇక దీనికి ఖర్చెందుకని కొందరి వాదన. నెట్ బ్యాంకింగ్‌కైతే అది న్యాయమైన మాటే. ఇంటర్నెట్ కేబుల్ తీసేసి పేజీలు దిద్దుకునే మెషీన్‌కు ఆ భయం దాదాపు లేదు. కొత్త కంప్యూటర్ ఖరీదుతో పోలిస్తే ఎస్‌ఎస్‌డీ ధర చిన్నదే.

పాత డిస్కును మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్ల ముడి విలువ సున్నా దగ్గరే ఉంటే సరే. చూసినప్పుడల్లా పెరుగుతుంటే ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసి, ఆ డిస్కును తీసేయాల్సిందే.