వైఫైకి గోడలే అడ్డు!

గల్ఫ్ నుంచి నాన్న వీడియోకాల్. పాప నోరు తెరిచేసరికి బొమ్మ ఆగిపోతుంది. గోడకు గోడ ఆనుకుని ఇళ్లుండే కిషన్‌బాగ్ లాంటి పాతబస్తీ వీధుల్లో ఈ తంటా మామూలే. వెంటనే కనెక్షన్ ఇచ్చినతనికి ఫోన్ చేసి నిలదీస్తారు. తప్పు ప్రతిసారీ అతనిదే కాకపోవచ్చు!

ముందుగా ఓ చిన్న పరీక్ష. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలపండి. అప్పుడూ నెట్ ఆగుతుంటే లోపం లైన్లోనో రౌటర్లోనో ఉన్నట్టు. ఫిర్యాదు చేయాల్సిందే. కేబుల్‌తో బాగా వచ్చి వైఫైతోనే తడబడుతుంటే మాత్రం సంగతి వేరు.

2.4 గిగాహెర్ట్జ్‌లో సాధారణంగా ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే.. 1, 6, 11. చుట్టుపక్కల రౌటర్లన్నీ వాటికోసమే పోటీపడతాయి. దేన్లో రద్దీ తక్కువో వైఫై ఎనలైజర్ యాప్‌లో చూసి, రౌటర్ సెట్టింగుల్లో ఆ చానల్‌కి మార్చుకోండి. మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేదీ ఇంచుమించు ఆ తరంగాలతోనే. అందుకే రౌటర్‌ని దానికి దూరంగా ఉంచాలి.

5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. కాకపోతే గోడలు దాటేసరికి నీరసపడుతుంది. రౌటర్ ఉన్న గదిలో కూర్చున్నప్పుడు దానికి మారితే మేలు.

అన్నట్టు, రౌటర్‌ని ఇనుప బీరువా వెనకో టీవీ చాటునో దాచేశారా? ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టి చూడండి. ఈసారి కాల్ వచ్చేలోపే ఈ పనులు చేసుకుంటే.. పాప కబుర్లు మధ్యలో తెగకుండా నాన్నని చేరతాయి.