పాత కారు మొరాయిస్తోందా?

షెడ్డులో మెకానిక్ ముందు బుద్ధిగా నడిచిన కారు, ఇంటికొచ్చే దారిలో సిగ్నల్ దగ్గర టక్కున ఆగిపోతుంది. పాత కారున్న ఇళ్లలో ఇది మామూలే. ఒకరు కార్బురేటర్ మార్చాలంటారు, ఇంకొకరు పెట్రోలు పంపు పోయిందంటారు. రెండూ మార్చాక కూడా బండి మిస్సింగ్ కొడుతూనే ఉంటే ఆ నెల ఇంటిఖర్చుకి పెద్ద గండి. రిపేరు మనం చేయక్కర్లేదు. బండి ఎప్పుడు, ఎక్కడ ఆగుతోందో సరిగ్గా చెప్పగలిగితే చాలు, మెకానిక్ పని సగం తగ్గుతుంది, మన బిల్లు కూడా.

మారుతి 800 సంగతే చూడండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా అక్కడక్కడా ఇళ్ల ముందు కనిపిస్తూనే ఉంది. వీటిలో పాతవన్నీ కార్బురేటర్ బండ్లు. పెట్రోలునీ గాలినీ తగు పాళ్లలో కలిపి ఇంజనుకి అందించడం కార్బురేటర్ పని. దోసెల పిండిలో నీళ్లు ఎక్కువైనా తక్కువైనా అట్టు సరిగ్గా రాదు కదా, ఇదీ అంతే.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతూ, వేడెక్కాక బాగుంటే చోక్ చూపించండి. కొందరు చోక్ లాగి, మళ్లీ లోపలికి నెట్టడం మరిచిపోతారు. అప్పుడు పెట్రోలు ఎక్కువై నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసి పడతాయి. ఆక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాత అందుకుంటోందా? కార్బురేటర్‌లో ఆక్సిలరేటర్ పంపు అని ఒకటుంటుంది. దాని రబ్బరు పొర చిరిగిందేమో చూడమనండి.

ఎక్కువమంది చెప్పేది మాత్రం వేరు. రోడ్డు మీద బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగిపోతుంది. ఇది ఐడ్లింగ్ జెట్‌లో కచరా పట్టిన లక్షణం. వెనకటి కిరసనాయిలు పంపు స్టవ్ గుర్తుందా? నిప్పులు మూసుకుపోతే పిన్ను పెట్టి గుచ్చేవాళ్లం. జెట్ కూడా అలాంటి సన్నని రంధ్రమే. కానీ దీన్ని పిన్నుతో గుచ్చనివ్వకండి. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది. క్లీనర్ కొట్టి, గాలి పట్టించాలి. జెట్ బాగానే ఉంటే, కార్బురేటర్ చుట్టూ ఉండే సన్న రబ్బరు గొట్టాల్లో ఏదైనా పగిలి గాలి పీలుస్తోందేమో చూడాలి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడులో ఊపిరాడనట్టు లాగుతుంటే ముందు పెట్రోలు ఫిల్టర్ మార్పించండి. అది చవక. పంపు సంగతి తర్వాత. కొంతదూరం పోయాక ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోందా? ఈసారి ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి వెంటనే అందుకుంటే మూతలో గాలి పోయే దారి మూసుకుపోయిందన్నమాట. మండుటెండలో, ట్రాఫిక్‌లో మాత్రమే ఆగుతుంటే పైపులో పెట్రోలు వేడికి ఆవిరైపోతోందని అర్థం. బానెట్ ఎత్తి అరగంట చల్లారనివ్వండి. వానరోజుల్లో ఆగితే ప్లగ్గు వైర్లలోనో డిస్ట్రిబ్యూటర్ మూతలోనో చెమ్మ చేరి ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ పాలు పెరిగింది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోలేక మెత్తబడతాయి, బీటలిస్తాయి. కారులో పెట్రోలు వాసన వచ్చిందంటే స్టార్ట్ చేయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ఖర్చని వాయిదా వేసే పని కాదిది, నిప్పుతో వ్యవహారం.

నడుస్తుండగా ఇంజన్ ఆగితే కంగారుపడొద్దు. బ్రేకు పనిచేస్తుంది. కాకపోతే బూస్టర్ ఉన్న బండ్లలో ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అందుకే మాటిమాటికీ తొక్కకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకుని, ఎడమ పక్కకి తీసుకోండి. బండి కదులుతుండగా తాళంచెవి లాగొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. రైలు గేటు మధ్యలో ఆగితే మాత్రం స్టార్ట్ చేస్తూ కూర్చోకండి. ముందు పిల్లల్ని దింపి పట్టాలకి దూరంగా పంపండి, గేట్‌మ్యాన్‌ని కేకేయండి. కారు సంగతి తర్వాత.

ఇకనుంచి బండి ఆగినప్పుడల్లా, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఓ ముక్క రాసి పెట్టండి: చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎండా వానా, పెట్రోలు పోయించి ఎన్నాళ్లయింది. పది రోజులు రాసి, ఆ కాగితం మెకానిక్ చేతికివ్వండి. ప్లగ్గులు మూడూ విప్పి మీకు చూపించమనండి. ఇటుకరంగు తిరిగి ఉంటే కలయిక సరిగ్గా ఉన్నట్టు, నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. ముందు ఫిల్టర్లు, ప్లగ్గులు, గొట్టాలు, జెట్ శుభ్రం. అప్పటికీ కుదరకపోతేనే పంపు, కార్బురేటర్. ఏం మార్చినా పాత సామాను సంచీలో వేసి ఇమ్మని ముందే చెప్పండి.