వార్డులో నర్సు లేదు, నర్సుకు కొలువు లేదు

ఐదు వందల మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించమని డాక్టరు కేస్‌షీట్లో రాసి వెళ్ళిపోతారు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు పడే సెట్టయితే నిమిషానికి ఇరవై ఒక్క చుక్క. ఆ లెక్క సరిపోయిందో లేదో చూడాలంటే నర్సు ఆ మంచం పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, నిమిషం పాటు చుక్కలు లెక్కపెట్టాలి. రాత్రి డ్యూటీలో ఒక్కరే పన్నెండు మందిని చూస్తున్నప్పుడు ఆ నిమిషం దొరకదు. బీపీ, పల్స్, జ్వరం, ఆక్సిజన్ చూసి షీట్లో రాయడానికి మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా పన్నెండు మందికి గంట పడుతుంది. నాలుగు గంటలు తిరిగేసరికి మళ్ళీ అదే గంట. ఈ మధ్యలో యాంటీబయాటిక్ వయల్స్ కలపాలి, ఆపరేషనైన మనిషిని పక్కకు తిప్పాలి, మూత్రపు సంచి ఖాళీ చేసి కొలత రాయాలి. ఆ మూల నుంచి “సిస్టర్, సూది దగ్గర వాచింది” అని పిలుపు వస్తుంది. ఈ మూల నుంచి “అమ్మా, నొప్పి” అంటుంటారు.

తెల్లవారాక అదే ఆసుపత్రి కింది అంతస్తులో హెచ్ఆర్ గది ముందు బెంచీ మీద ప్లాస్టిక్ ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఆడపిల్లలు కూర్చుని ఉంటారు. టెన్త్ మెమో, బీఎస్సీ నర్సింగ్ మార్కుల జాబితాలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు. లోపలికి పిలిచి అడిగే మొదటి ప్రశ్న “ఎక్స్‌పీరియన్స్ ఉందా?” లేదంటే వచ్చే జవాబు కూడా అందరికీ తెలిసిందే: “ఫ్రెషర్లకు ఇప్పుడు ఖాళీల్లేవమ్మా, ఫోన్ నంబరిచ్చి వెళ్ళు.”

పై అంతస్తులో ఒక్క మనిషి పన్నెండు మందిని చూస్తుంటే, కింది అంతస్తులో పన్నెండు మంది పని కోసం చూస్తున్నారు. దీన్ని జాబ్ మార్కెట్ బాగా లేకపోవడం అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. మార్కెట్ అనేది వానలాగా కురవదు, ఎండలాగా కాయదు. ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులను పెట్టాలో ఒక యాజమాన్యం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని తనిఖీ చేయాల్సిన ప్రభుత్వం చేయకుండా ఊరుకుంటుంది. తెలుగు రాష్ట్రాల్లో నర్సుల నిరుద్యోగం ఈ రెండింటి వల్లే వచ్చింది. కాబట్టి దీన్ని సరిచేయాల్సిన బాధ్యత కూడా ఆ ఇద్దరిదే.

లెక్కలు చూద్దాం. దేశంలో వెయ్యి మంది జనాభాకు 1.96 మంది నర్సులున్నారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ముగ్గురైనా ఉండాలన్నది అంతర్జాతీయంగా చెప్పుకునే కొలత. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకొక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికొకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం మంది ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం పెట్టింది. వంద పడకల మామూలు ఆసుపత్రికి ఎంత తక్కువగా లెక్క కట్టినా ఇరవై ఆరుగురు కావాలి. ఐసీయూ ఉంటే ఆ లెక్క వేరు, అక్కడ పడకకొకరు. జిల్లా కేంద్రాల్లో డాక్టర్స్ కాలనీల వెంట నడుస్తూ బోర్డుల మీది పడకల సంఖ్య చదివి, లోపలికెళ్ళి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సులెందరో అడిగితే, ఆ రెండు అంకెలకూ పొంతన కుదిరే చోట్లు తక్కువే.

మరి పని ఎవరు చేస్తున్నారు? ఇంటర్ చదివి ఆపేసిన అమ్మాయిని ఆరేడు వేలకు తీసుకుంటారు. రెండు నెలలు పాత సిస్టర్ వెంట తిప్పి ఇంజెక్షన్ చేయడం, కాన్యులా పెట్టడం నేర్పిస్తారు. తెల్లకోటు తొడుగుతారు. రోగికి ఆమె కూడా సిస్టరే. నాలుగేళ్ళు బీఎస్సీ చదివిన మనిషికి, రెండు నెలల్లో చేతిపని నేర్చిన మనిషికి మంచం మీద పడుకున్నవాళ్ళు తేడా కనిపెట్టలేరు. ఒంట్లో పొటాషియం పడిపోయినప్పుడు, రక్తం ఎక్కిస్తుంటే ఒళ్ళు దద్దుర్లు తేలినప్పుడు, అప్పుడు తెలుస్తుంది. ఆ అమ్మాయిని తప్పు పట్టే పని లేదు, ఆమెదీ బతుకుతెరువే. ఆమెతో ఆ పని చేయించడం చట్టం ఒప్పుకోదని తెలిసీ చేయిస్తున్న వాళ్ళను మాత్రం వదలకూడదు. చదువుకున్న నర్సుకు దక్కాల్సిన కొలువు మొదట పోతున్నది ఇక్కడే.

ఇక కొలువు దొరికినవాళ్ళ సంగతి. చిన్న ఆసుపత్రుల్లో పది, పన్నెండు వేలతో మొదలయ్యే జీతాలు అరుదేమీ కాదు. నర్సుల సంఘం వేసిన వ్యాజ్యంలో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఈ దోపిడీ మీద కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. కమిటీ అదే ఏడాది స్పష్టంగా చెప్పింది. రెండు వందల పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుకిచ్చేంత జీతం ఇవ్వాలి. వంద నుంచి రెండు వందల పడకలుంటే అంతకు 10 శాతం మించి తగ్గకూడదు. యాభై నుంచి వందలోపు ఉంటే తగ్గింపు 25 శాతం దాటకూడదు. యాభై కూడా లేని చోట సైతం నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వకూడదు. తెలంగాణలో ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసరు మూల వేతనం 36,750 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఎయిమ్స్‌లో 44,900. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు పే స్లిప్పు పక్కన ఈ అంకెలు పెట్టి చూస్తే, ఆ సిఫార్సులు ఏ బీరువాలో ఉండిపోయాయో అర్థమవుతుంది.

అయినా ఎందుకు చేరుతున్నారంటే దానికో కారణముంది. గల్ఫ్‌కు వెళ్ళాలన్నా, మరో దేశం వెళ్ళాలన్నా రెండేళ్ళ అనుభవం సాధారణంగా అడుగుతారు. ఇక్కడే మరో పెద్ద ఆసుపత్రిలో చేరాలన్నా అదే అడుగుతారు. అందుకని ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అనే ఒక్క కాగితం కోసం ఆడపిల్లలు హాస్టల్ ఫీజుకు చాలని జీతానికి రెండేళ్ళు నైట్ డ్యూటీలు చేస్తారు. యాజమాన్యానికి ఆ సంగతి బాగా తెలుసు. కొన్నిచోట్ల చేరేటప్పుడే బాండు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టేసుకుంటారు. మధ్యలో మానేస్తే బాండు డబ్బు కట్టమంటారు. నర్సును బాండుతో కట్టేయడం, ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవడం కూడదని నర్సింగ్ మండలి ఎప్పుడో చెప్పింది. సర్టిఫికెట్ మనిషిది. దాన్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు.

ప్రభుత్వం ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఆశించడం న్యాయమే. కానీ తెలంగాణ అనుభవం చూడండి. 2017లో 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. కోర్టు కేసులు దాటి నియామకాలు జరిగేసరికి 2021 అయింది. రెగ్యులర్ వాళ్ళు వచ్చారు కనుక ఇక మీరు అక్కర్లేదంటూ, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్న సుమారు 1,600 మంది నర్సులను ఆ ఏడాది జులైలో ఇళ్ళకు పంపేశారు. పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ కొవిడ్ వార్డుల్లో తిరిగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్ళకు చప్పట్లు కొట్టించారు, ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లించారు. రెండో వేవ్ తగ్గిన కొద్ది వారాలకే రోడ్డు మీద కూర్చుని నినాదాలు ఇవ్వాల్సిన గతి పట్టింది.

ఆ తరువాత 2023 ఆగస్టులో పెట్టిన పరీక్షకు సుమారు 40 వేల మంది పోటీపడ్డారు. 2024 జనవరి ఆఖరున ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అది మంచి పని, మెచ్చుకోవాలి. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అదీ మంచిదే. అయితే ఆ పరీక్షల్లో నూటికి ఎనభై మార్కులు రాతపరీక్షకు, ఇరవై పాయింట్లు ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు పెట్టారు. ప్రభుత్వాసుపత్రిలో తాత్కాలికంగా కష్టపడినవాళ్ళకు గుర్తింపు ఇవ్వడం సబబే. ప్రైవేటులో పన్నెండు వేలకు పదేళ్ళు చేసిన నర్సుకు మాత్రం ఆ ఇరవైలో ఒక్కటీ రాదు. ఆమె చేసిన రాత్రిళ్ళు ఎక్కడా లెక్కలోకి రాకుండా పోతున్నాయి. మగ నర్సుల గోడు ఇంకోటి. 2019 నుంచి ఎయిమ్స్‌లు నర్సు పోస్టుల్లో ఎనభై శాతం స్త్రీలకు, ఇరవై శాతం పురుషులకు అని గీత గీశాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకు దరఖాస్తు చేసే తెలుగు కుర్రాళ్ళకు తలుపు అంత సన్నబడింది.

విదేశాలున్నాయి కదా అంటారు. ఆ దారీ ఇరుకైంది. బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ కొత్త నియామకాలు తగ్గించుకోవడంతో అక్కడ చదివిన నర్సులకే కొలువులు కష్టమయ్యాయి. వాళ్ళకు ఉద్యోగాలు చూపిస్తామని ఆ ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రత్యేకంగా హామీ ప్రకటించాల్సి వచ్చింది. అంతకు నెల ముందే కేర్ వర్కర్ వీసాల మీద బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళను తెచ్చుకోవడం ఆపేసింది. అమెరికా వెళ్ళే నర్సుల ఈబీ-3 వీసా క్యూ భారతీయులకు పదేళ్ళ పైమాటే. జర్మనీకి నర్సులు కావాలి, టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలు భాష నేర్పి పంపుతున్నాయి కూడా. అయితే బీ1, బీ2 స్థాయి జర్మన్ రావడానికి నెలల తరబడి డ్యూటీ లేకుండా కూర్చుని చదివే స్తోమత ఎందరికుంది? ఈలోగా ఏజెంట్లు ఊళ్ళలోకి దిగుతారు. కువైట్ ఉద్యోగాల పేరుతో 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట ఒక్కొక్కరి దగ్గర 19.5 లక్షలు వసూలు చేశారన్న కొచ్చి కేసు 2015లో బయటపడింది. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్‌తో సహా పద్దెనిమిది దేశాలకు నర్సుల నియామకాలను ప్రభుత్వ సంస్థల చేతికి అప్పగించింది. పొలం అమ్మి ఏజెంటు చేతిలో పెట్టబోయే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పే యంత్రాంగం మండల స్థాయిలో ఇప్పటికీ లేదు.

ఇంత జరుగుతున్నా కళాశాలలు పెరుగుతూనే ఉన్నాయి. 2023 ఏప్రిల్లో కేంద్ర మంత్రివర్గం వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కళాశాలలు పెట్టడానికి 1,570 కోట్లు మంజూరు చేసింది. ఏటా పదిహేను వేలకు పైగా కొత్త సీట్లు. ప్రైవేటు కళాశాలలవి వీటికి అదనం. సీట్లు పెంచడం తప్పనడం లేదు. చదివి బయటికొచ్చినవాళ్ళు నిలబడే చోటు చూపకుండా సీట్లు పెంచితే, తక్కువ జీతానికి ఒప్పుకునేవాళ్ళ వరస పొడుగవుతుంది, అంతే.

చిన్న ఆసుపత్రుల యాజమాన్యాలు చెప్పే మాట ఒకటుంది. ఆరోగ్యశ్రీ బకాయిలు నెలల తరబడి రావు, కరెంటు బిల్లు, అద్దె పెరిగాయి, ఇరవై వేలు ఎక్కడి నుంచి తేవాలి అని. అందులో నిజముంది. బకాయిలు రాక రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రులు 2025లో సేవలు నిలిపేసిన మాట అందరికీ తెలుసు. ప్రభుత్వాలు ఆ డబ్బు గడువులోగా చెల్లించాలి. కానీ ఆ నష్టాన్ని నర్సు జీతంలోంచి, రోగి ప్రాణంలోంచి పూడ్చుకుంటామంటే ఒప్పుకోవడానికి లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం యూరప్‌లో తొమ్మిది దేశాల ఆసుపత్రులను పరిశీలించి 2014లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించింది. ఒక నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, ఆపరేషనైన రోగి ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది.

కేరళ చేసి చూపింది. నర్సులు సంఘం కట్టి నెలల తరబడి సమ్మెలు చేశాక అక్కడి ప్రభుత్వం 2018 ఏప్రిల్లో ప్రైవేటు నర్సుకు 20,000 రూపాయల కనీస వేతనం నోటిఫై చేసింది. కమిటీ సిఫార్సులు అమలు చేయమని ఢిల్లీ ప్రభుత్వం అదే ఏడాది ఆదేశాలిచ్చింది. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2019లో హైకోర్టు ఆ ఆదేశాల వైపే నిలిచింది. తెలుగు రాష్ట్రాలకు అడ్డేమిటి?

కొత్త చట్టాలు అక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టముంది, తెలంగాణ కేంద్రపు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తీసుకుంది. అంతకన్నా బలమైన పగ్గం ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ జాబితా. ఆ జాబితాలో చోటు లేకుండా జిల్లా ఆసుపత్రులు చాలావరకు నడవవు. రెన్యువల్‌కు వచ్చే ప్రతి ఆసుపత్రీ కౌన్సిల్ నంబర్లతో సహా నర్సుల జాబితా, బ్యాంకు ఖాతాల్లో జమైన జీతాల వివరాలు పెట్టాలి. పడకల లెక్కకు అవి సరిపోకపోతే రెన్యువల్ ఆపాలి. జిల్లా వైద్యాధికారి నెలకొకసారి రాత్రి పదకొండింటికి ఏదో ఒక ఆసుపత్రిలోకి ముందు చెప్పకుండా వెళ్ళి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను రిజిస్ట్రేషన్ కార్డు అడగాలి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకున్న యాజమాన్యం మీద ఫిర్యాదు చేసేందుకు ఒక ఫోన్ నంబరిచ్చి, దాన్ని ప్రతి నర్సింగ్ హాస్టల్ గోడ మీద అంటించాలి. ప్రభుత్వ నియామకాల్లో, పీఎఫ్ రికార్డుతో రుజువయ్యే ప్రైవేటు సేవకూ పాయింట్లివ్వాలి. పదవీ విరమణలు ముందే తెలిసిన సంగతులే కాబట్టి ఏటా ఒక నెల ఖరారు చేసి నర్సింగ్ పోస్టుల నోటిఫికేషన్ ఇవ్వాలి. 2017 నాటి నోటిఫికేషన్‌కు 2021 దాకా ఎదురుచూసిన తరం ఇప్పటికే ముప్పై దాటింది. ఈ ఏడాది బీఎస్సీ పూర్తిచేసి ఫైలు చేతపట్టుకున్న అమ్మాయిలను కూడా అంతకాలం కూర్చోబెడతారా, లేదా అన్నది రెండు ప్రభుత్వాల ఆరోగ్య మంత్రులు ఇప్పుడే చెప్పాలి.