స్పానిషు భాషలో సంపాదన

స్పానిషున లాభమునకు 'గనాన్సియా' యని పేరు. దీనికి మూలమైన 'గనార్' అను క్రియకు సంపాదించుట, గెలుచుట యని రెండర్థములు. జూదరియుఁ గష్టజీవియు నొక్క మాటనే వాడుదురు, మాకిది రుచింపలేదు. దినకూలి 'హోర్నాల్'. నెలజీతము 'సుయెల్దో', రోమకుల బంగారు నాణెమగు సోలిదుస్ దీనికి మూలము. జీతమునకే మఱియొక పేరు 'సలారియో'. ఇందు లాటిను 'సాల్', అనఁగా ఉప్పు, దాఁగియున్నది. ఒకరి యుప్పు తిని బ్రదుకుట యని మనమును అనుకొందుము గదా, ఈ మాట మఱపునకు రాదు.

'ప్రొవేచో' యనఁగా ప్రయోజనము, లాభము. భుజించువారిని జూచి 'బుయెన్ ప్రొవేచో' యని శుభము పలుకుదురు. లాభము తినువారిదఁట! వండి వడ్డించు గృహిణి 'ఆమా దె కాసా', ఇంటి యజమానురాలు. బిరుదు గొప్పదే, సుయెల్దో లేదు. ఏల లేదని మీ కుమార్తె లడిగిన నేమి చెప్పుదురో మాకు వ్రాయుఁడు.