కీబోర్డుకు మాట ఎవరిచ్చారు?



ఇంటిలోనే కంప్యూటరు మీద పాటలు రికార్డు చేసే యౌవనస్థులు నేడు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారి పాటలో సింథసైజరు కీబోర్డే మాటలాడినట్లు వినబడితే, "ఇక మనిషి గొంతుతో పనేమి?" అని పెద్దలు నొచ్చుకుంటారు. అలా మాటలాడించే సాధనము పేరు వోకోడర్. దాని పని తెలిస్తే ఆ బెంగ తీరుతుంది.

టెలిఫోను తీగల మీద తక్కువ చోటులో ఎక్కువ మాటలు పంపాలని అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో హోమర్ డడ్లీ దీనిని రూపొందించాడు. 1943లో, యుద్ధకాలములో, వాషింగ్టన్, లండన్‌ల మధ్య రహస్య సంభాషణలకు ఇది ఉపయోగపడింది. సంగీతములోనికి వచ్చింది ఆ తరువాతనే. ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాముగానూ దొరుకుతుంది.

వోకోడర్ మన గొంతును మంద్రము నుండి తారము వరకు అనేక భాగములుగా విడదీస్తుంది. ఏ భాగములో ఎంత బలమున్నదో క్షణక్షణము కొలిచి, కీబోర్డు నాదమును ఆ కొలత ప్రకారము మలుస్తుంది. నాదము కీబోర్డుది, మాట మనిషిది. మీటలు ఎంతసేపు నొక్కినా, మైకు ముందు నోరు తెరవనిదే పాట రాదు.

కాబట్టి పాడేవారు అక్షరములను స్పష్టముగా పలకాలి. వేణువువంటి మెత్తని నాదము కంటె హార్మోనియమువంటి నిండు నాదములో మాట తేటగా వినబడుతుంది. స, శ, ష లు మసకబారితే అసలు గొంతును కొంచెము కలపాలి.

తల్లిదండ్రులారా, మేము కోరేది ఒక్కటే. బిడ్డలను కసరకండి. మార్పు చేయని గొంతును కూడా వేరుగా దాచమని చెప్పండి. నాదము ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఈ వయస్సు గొంతు మరల రాదు.