అల్లరి పిల్లల కోసమే పుట్టిన బడి

చర్చిలో జరిగే ఆదివారపు బడిలో అల్లరి చేసే బాలుణ్ణి బయట నిలబెట్టే అలవాటు మా హుస్నాబాద్ ప్రాంతంలోనూ ఉన్నది. అది సరికాదని నా అభిప్రాయం.

1780లో ఇంగ్లండులోని గ్లౌస్టరు పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఈ బడికి పూనుకొన్నది ఎవరికోసం? వారమంతా గుండుసూదుల కర్మాగారంలో శ్రమించి, ఆదివారంనాడు వీధుల్లో ఆగడాలు చేసే పేదపిల్లల కోసం. అల్లరివారికై పుట్టిన బడిలో వారికే చోటు లేకపోవడం వింత కాదా?

నెమ్మదస్తుల చదువు చెడదా అనవచ్చు. నిజమే. అందుకే అల్లరికి పని కల్పించాలి. మన ఒగ్గుకథలో కథకుడొక్కడే పలకడు. వంతవారూ, డోలు వాయించేవారూ ఉంటారు. అలాగే దావీదు కథ చెప్పేటప్పుడు కుదురులేనివాడికి గొల్యాతు వేషమివ్వండి. మరొకడి చేతికి తాళాలివ్వండి. కథ పదినిమిషాలకు మించనీయకండి. మందలింపు చెవిలో చెప్పండి, పదిమందిలో వద్దు.

విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. దేవుని మందిరంలో దయ అంతకన్న తక్కువ కారాదు. గుమ్మం బయట నిలిచిన పసివాడు నేర్చుకొనే పాఠమొక్కటే: ఈ చోటు తనది కాదని.