లెక్కల ముచ్చట: అందరికీ చోటున్న బంతి

పిల్లలూ! పెళ్ళివారింట బంతి వేశారనుకోండి. భోజనానికి వచ్చినవాళ్ళు మనుషులు కారు, సంఖ్యలు: 1, 2, 3, 4... ఇలా అంతు లేదు. విస్తళ్ళకూ అంతు లేదు. కాని ఇంటాయన కొన్ని షరతులు పెట్టాడు.

మొదటి విస్తరి 1ది, రెండోది 2ది. ఆ పైన కూర్చునే సంఖ్య, తనకు ముందు కూర్చున్నదానికి చుట్టమై ఉండాలి. అంటే, 1 కాక మరేదైనా ఒకే సంఖ్య ఆ రెంటినీ శేషం లేకుండా భాగించాలి. ఇంకా కూర్చోని చుట్టాలలో అన్నిటికన్న చిన్నదానికే ఆ విస్తరి.

ఇక చూడండి. 2 తరువాత 4, ఆ తరువాత 6. ఇప్పుడు 6కు 3 చుట్టమే, 8 కూడా చుట్టమే. చిన్నది 3 కనక అదే కూర్చున్నది. ఆ పైన 9, 12, 8, 10, 5, 15, 18, 14, 7, 21...

18, 21 కూర్చున్నా, వాటికన్న చిన్నదైన 17 ఇంకా నిలబడే ఉన్నది! పాపం, దానికి ఎప్పటికీ చోటు దొరకదేమో?

భయంలేదు. ఈ బంతిలో సరిసంఖ్యలు తెగకుండా వస్తూనే ఉంటాయని గణితవేత్తలు ఋజువు చేశారు. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతాది మనమే తేల్చవచ్చు. 100ను తీసుకోండి. ఏ సరిసంఖ్య కూర్చున్నా దాని పక్క విస్తరి 100 అడగవచ్చు. ఆ చోటు 100కు దక్కకుండా చెయ్యగలిగినవి దానికన్న చిన్న సంఖ్యలే. అవి 99. ఒకసారి కూర్చున్నది మళ్ళీ రాదు గదా! కనక 100ను 99 సార్లకు మించి ఎవరూ ఆపలేరు. ఇలాగే ప్రతి సరిసంఖ్యకూ చోటు దొరుకుతుంది.

ఇప్పుడు 17 సంగతి. 34, 68, 102 వగైరాలు సరిసంఖ్యలు కనక అన్నీ కూర్చుంటాయి. అన్నీ 17కు చుట్టాలే. వాటిలో ఏది కూర్చున్నా 17 పక్క చోటు అడుగుతుంది. దానికన్న చిన్నవి 16 మాత్రమే. కాబట్టి దానికి చోటు దక్కితీరుతుంది! ఏ సంఖ్యకైనా ఇదే న్యాయం.

ఈ వరుసను 2001లో జోనథన్ ఎయిర్స్ కనిపెట్టాడు. గ్రాఫు గీస్తే, గుండె పరీక్షలో వచ్చే గీతలాగా ఎగిరిపడుతూ ఉంటుంది. అందుకే దీనిని ఇ.కె.జి. వరుస అంటారు. ఇందులో ఏ సంఖ్యా మిగిలిపోదని లగారియస్, రెయిన్స్, స్లోన్ అనే ముగ్గురు 2002లో ఋజువు చేశారు.

మరొక వింత: 6, 3, 9, 10, 5, 15, 14, 7, 21. బేసి ప్రధానసంఖ్యకు ముందు దాని రెట్టింపు, వెనక దాని మూడింతలు! ఇది ఎప్పటికీ తప్పదని హోఫ్మన్, పిలిప్చుక్ అనేవారు 2008లో నిరూపించారు.

కాగితం, పెన్సిలు తీసుకుని 21 తరువాత బంతిని మీరే సాగించండి. 17 కూర్చునేది ఎన్నో విస్తరి ముందు?

(జవాబు: 33వ విస్తరి. దానికి ముందు 34, వెనక 51.)